మోటారు గుంజేటప్పుడు గిరక మనకు ఏం చేస్తది, ఏం చేయదు



ఎండలు ముదిరినయ్. రోజుకో మోటారు కాలుతున్నది. ఏ చేను దిక్కు చూసినా మూడు కాళ్ళ స్టాండు, దాని కింద నలుగురైదుగురు పిలగాండ్లు, పక్కన ట్రాక్టరు. అందుకని ఈసారి పంటల ముచ్చట పక్కన పెట్టి గిరక గురించి రాస్తున్న. కొంచెం పొడుగు పోస్టే. పొద్దుగూకినంక తీరుబాటుగా చదవండి.

నా అభిప్రాయం ముందుగాల్నే చెప్తున్న, తర్వాత ఎందుకో చెప్తా. ఒక్క గిరక, ఒక్క తాడు, ఒక ట్రాక్టరు పెట్టి 300 అడుగుల ఇనుప పైపుల మోటారు గుంజుడు బంద్ చేయాలె. పక్కపక్క బోర్లున్న ఎనిమిది పది మంది రైతులు కలిసి ఒక చైన్ పుల్లీ కొనుక్కోవాలె. ఈ మాట మా ఊళ్ళె అన్నప్పుడల్లా "మా తాతలు గిరక మీదనే ఎన్ని గుంజలేదు" అంటరు. తాతలు గుంజింది నిజమే. కానీ ఏం గుంజిండ్రు, ఎట్ల గుంజిండ్రు అన్నది మనం మర్చిపోయినం.

చేదబాయి గిరకనే తీసుకుందాం. బొక్కెన నిండితే 12 కిలోలో 15 కిలోలో ఉంటది. గిరక లేకుండా బాయి ఒడ్డున వంగి చేదుకుంటే నడుము పోతది, తాడు ఒడ్డు రాయికి రాసుకుంటది. గిరక పెట్టినంక నిలబడి కిందికి గుంజొచ్చు, మన ఒంటి బరువు కూడా సాయం వస్తది. అందుకే అలకగ అనిపిస్తది. కానీ బరువు తగ్గిందా అంటే ఒక్క కిలో కూడా తగ్గలేదు. 15 కిలోల బొక్కెనకు మనం 15 కిలోల బలం పెట్టాల్సిందే, గిరక ఇరుసు దగ్గర రాపిడికి ఇంకో కిలోనో రెండు కిలోలో అదనం. పైన కట్టేసిన గిరక చేసే పని ఒక్కటే, గుంజే దిక్కు మారుస్తది. బడిలో ఆగస్టు 15 నాడు జెండా ఎగరేసేది కూడా గదే గిరక. తాడు కిందికి గుంజితే జెండా పైకి పోతది, అంతే.

మరి మోట సంగతేంది, అంత పెద్ద తోలుసంచి నీళ్ళు ఎట్ల పైకి వచ్చినయ్ అని అడుగుతరు. మోట మీద కూడా గిరక పైన కట్టేసిందే. అక్కడ ఉపాయం ఎడ్లు నడిచే దారిలో ఉన్నది. బాయి నుంచి ఆ దారి కిందికి వాలుగా ఉంటది. బరువు గుంజేటప్పుడు ఎడ్లు పల్లానికి దిగుతయ్, ఖాళీ మోట బాయిలకు దిగేటప్పుడు ఎత్తుకు ఎక్కుతయ్. గుంజేటప్పుడు ఎడ్ల బరువు తోడయితది. మోట తోలే మనిషి తాడు మీద కూసునేది కూడా అందుకే, ఆయన బరువు ఇంకా తోడు. నేను చిన్నప్పుడు చూసిన, మా నాయిన ఒక ఎగురు ఎగిరి తాడు మీద కూసునేటోడు. ఆటకు చేస్తున్నడనుకునేది. తర్వాత ఇంటర్‌ల సరళ యంత్రాలు చదివినంక గాని తెల్వలేదు అది లెక్క ప్రకారం చేసిన పని అని. ఆ ఎడ్లు, ఆ వాలు, ఆ మనిషి, మూడూ ఉన్నయి కాబట్టి ఒక్క గిరక సరిపోయింది. బాయి లోతు కూడా ముప్పై నలభై అడుగులే.

ఇప్పుడు మన బోరు లెక్క చూద్దాం.

మా దగ్గర మోటార్లు 300 అడుగుల చుట్టుపక్కల ఉంటయ్. రెండించుల జీఐ పైపు 20 అడుగులది ఒక్కొక్కటి దగ్గర దగ్గర 30 కిలోలు. 15 పైపులంటే 450 కిలోలు. మోటారు, పంపు కలిపి ఇంకో 50 అనుకోండి. అయితే 500. ఇంకొకటి చాలా మంది లెక్కకు తీసుకోరు, పైపులో నిలిచిన నీళ్ళు. కింద వాల్వు మంచిగుంటే పైపు నిండా నీళ్ళు ఆగే ఉంటయ్. రెండించుల పైపులో మీటరుకు రెండు లీటర్ల పైన పడతయ్. బోరులో నీటిమట్టం 200 అడుగుల కాడ ఉంటే, ఆ మట్టం పైన పైపులో ఉన్న నీళ్ళే 130 కిలోల దాకా అయితయ్. మొత్తం 600 కిలోలు దాటింది. లెక్కకు సులువుగా 600 అనే పట్టుకుందాం.

నల్ల పైపు వేసుకున్నోళ్ళకు ఇనుము బరువు తప్పుతది, నీళ్ళ బరువు మాత్రం తప్పదు. నల్ల పైపులో పైపు కంటే నీళ్ళే బరువు.

ఈ 600 కిలోలను పైన కట్టిన ఒక్క గిరక మీద గుంజితే 600 కిలోల బలమే కావాలె, రాపిడికి ఇంకో 60 వేసుకోండి. ఒక మనిషి నిలబడి ఆగకుండా గుంజగలిగేది నలభై యాభై కిలోలు. పదిమందిని పెట్టినా కష్టమే. అందుకే ట్రాక్టరు కడుతున్నం. ఇక్కడి దాకా అందరికీ తెలిసిన సంగతే.

తెల్వని సంగతి స్టాండు మీద పడే బరువు. 600 కిలోలు మోస్తున్నది కాబట్టి స్టాండు మీద 600 కిలోలే ఉంటదని అనుకుంటం. కాదు. గిరకకు రెండు దిక్కులా తాడు ఉన్నది. ఒక దిక్కు పైపుల బరువు 600 కిందికి గుంజుతది. ఇంకో దిక్కు మనమో ట్రాక్టరో 660 తోని కిందికి గుంజుతున్నం. రెండూ కలిసి ఆ గిరక వేలాడే కొక్కెం మీదనే పడుతయ్. అంటే 1260 కిలోలు. బరువు కంటే రెండింతల పైన! టన్ను బరువు మోస్తదని చెప్పి అమ్మిన స్టాండు 600 కిలోలకే వంకరపోయింది, అమ్మినోడు మోసం చేసిండు అని తిట్టుకున్నోళ్ళను నేను చూసిన. అమ్మినోని సంగతి నాకు తెల్వదు గాని, ఆ స్టాండు మీద ఆ రోజు టన్నుంపావు పడ్డది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లనే చూడొచ్చు. కాంటా కొక్కేనికి ఒక గిరక తగిలించండి. గిరక మీదుగా తాడు వేసి ఒక దిక్కు 5 కిలోల బరువు కట్టి, రెండో దిక్కు మీరు పట్టుకొని ఆపండి. కాంటా 5 చూపదు, గిరక బరువు కాక 10 చూపిస్తది.

ట్రాక్టరుతోని ఇంకో తిరకాసు. పై గిరక నుంచి తాడును ఏటవాలుగా నేరుగా ట్రాక్టరుకు కడితే స్టాండు తలను ట్రాక్టరు తన దిక్కుకు గుంజుతది. పైపుల బరువు నిట్టనిలువుగా కిందికి, తాడు ఏటవాలుగా పక్కకు. రెండు కలిసిన గుంజుడు ఆ రెంటి నడుమ నుంచి పోతది. అది స్టాండు కాళ్ళ నడుమ పడితే నిలబడతది, కాళ్ళ అవతల పడితే బోర్లా పడతది. అందుకే తెలిసినోళ్ళు కింద ఇంకో గిరక పెట్టి, తాడును నిలువుగా దించి, అక్కడి నుంచి ట్రాక్టరు దిక్కు మళ్ళిస్తరు. ఆ పద్ధతి సరైనదే. కానీ ఆ కింది గిరకను స్టాండు కాలికే కడుతున్నరు, అదే ప్రమాదం. తాడు అడ్డంగా మళ్ళేకాడ గిరక మీద గుంజుడు తాడు బలానికి ఒకటిన్నర రెట్లకు దగ్గర ఉంటది. అంటే 900 కిలోల పైన. అది కాలును ఊడబెరికి ట్రాక్టరు దిక్కు ఈడుస్తది. కట్టాలనుకుంటే చెట్టు మొదలుకు కట్టాలె, లేకపోతే లోతుగా దిగ్గొట్టిన గట్టి ఇనుప గుంజకు. చేన్ల నడిమిట్ల బోరు కాడ చెట్టు ఎక్కడిది?

అన్నిటికంటే నాకు భయం ట్రాక్టరుకు స్పర్శ లేకపోవడం. మోటారు పైకి వచ్చేటప్పుడు కేసింగు అంచుకో, లోపల వంకరున్న కాడనో ఇరుక్కుంటది. చేతితోని గుంజేటోనికి వెంటనే తెలుస్తది, "ఆగు, ఎక్కడో పట్టింది" అంటడు. నలభై గుర్రాల ట్రాక్టరుకు 600 కిలోలకు, 1500 కిలోలకు తేడా తెల్వదు. డ్రైవరు కాలు క్లచ్చు మీద నుంచి తీసిన లెక్కనే పోతది. అప్పుడు అన్నిటికంటే బలహీనమైనది ఏదో అది తెగుతది. తాడు తెగితే అది వెనక్కి కొట్టే దెబ్బకు మనిషి లేవడు, నైలాన్ తాడు సాగి సాగి తెగుతది కాబట్టి ఇంకా ఘోరం. పైపు జాయింటు తెగితే మోటారు బోరులోనే పోతది, దానితో పాటు బోరూ పోతది. నిండు ఎండాకాలం బోరు పోయిందంటే ఆ సాలు పంట పోయినట్టే, కొత్త బోరు వేస్తే నీళ్ళు పడతయ్ అని ఎవ్వడూ రాసియ్యడు.

ఇగ కూలి పిలగాండ్ల సంగతి. స్టాండు కింద నిలబడి క్లాంపు బిగించేది ఎవరు? బోరు యజమాని నిలబడడు. యాపచెట్టు కింద నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటడు. నిలబడేది కూలికి వచ్చిన పిలగాడు. మా మండలంలనే ఒక పిలగానికి రెండేళ్ళ కింద క్లాంపు జారి వేళ్ళు పోయినయ్. ఊరు పేరు రాయను, ఇంటి పేరు అసలే రాయను. ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలె అని మూడు పంచాయతీలు అయినయ్. ఒక గిరక లెక్క తెలిసి ఉంటే ఆ మూడు పంచాయతీలు ఉండకపోవు.

సరే, మరి గిరకతోని బరువు తగ్గేదే లేదా అంటే, ఉన్నది. గిరకను పైన కట్టేయకుండా బరువుకు కట్టాలె.

ఒక వడ్ల బస్తా ఇద్దరు చెరో కొస పట్టి లేపితే ఒక్కొక్కరి మీద సగమే పడతది. తాడు ఒక కొస పైన స్టాండుకు కట్టేసి, దాన్ని కిందికి తెచ్చి బరువుకు కట్టిన గిరక కింద నుంచి తిప్పి, రెండో కొస పైకి గుంజితే గిట్లనే అయితది. బరువు రెండు తాళ్ళ మీద వేలాడుతున్నది. ఒక తాడును స్టాండు పట్టుకున్నది, రెండోది మనం. 600 కిలోలకు 300 చాలు. ఇట్ల పైన రెండు గిరకలు, కింద బరువుకు రెండు గిరకలు పెట్టి ఒక్కటే తాడును తిప్పుకుంటూ పోతే నాలుగు తాళ్ళ మీద బరువు ఉంటది. ఉత్త లెక్కకు 150 కిలోలు, రాపిడి కలుపుకుంటే 180 నుంచి 200. నలుగురైదుగురు మనుషులు ఆగి ఆగి గుంజగలరు, ట్రాక్టరు అక్కర లేదు.

లెక్కబెట్టేకాడ ఒక జాగ్రత్త. కింది గిరకలను పైకి పట్టుకొని ఉన్న తాళ్ళనే లెక్కబెట్టాలె. పై గిరక దాటి మన చేతికి కిందికి వచ్చే తాడు లెక్కలోకి రాదు. అది దిక్కు మార్చే తాడు. ఐదు తాళ్ళు కనపడుతున్నయి కాబట్టి ఐదో వంతు అనుకుంటే తప్పు.

స్టాండు మీద ఎంత పడుతుందో ఇప్పుడు చూడండి. బరువు 600, మనం గుంజేది 180. మొత్తం 780. ఒక్క గిరకతోని 1260 పడ్డ స్టాండు మీద ఇప్పుడు 780 మాత్రమే. మనకు సులువు అవుడు ఒక్కటే కాదు, స్టాండుకు కూడా సులువు అయింది. ఈ రెండో సంగతి నాకు ఏ బడి పుస్తకంలనూ కనపడలేదు. పుస్తకంలో కప్పీ బొమ్మ వేసి, యాంత్రిక లాభం ఇంత అని రాసి వదిలేస్తరు. కప్పీ వేలాడే దూలం ఎంత మోస్తున్నదో అడిగే ప్రశ్న ఉండదు. ప్రాణం తీసేది మాత్రం ఆ దూలమే.

దీనికి ధర ఏం కట్టాలె అంటే, తాడు. నాలుగు తాళ్ళ మీద ఒక అడుగు లేవాలంటే నాలుగు అడుగుల తాడు గుంజాలె. బలం నాలుగో వంతు అయితే దూరం నాలుగింతలు. దీని నుంచి తప్పించుకున్నోడు ఇంతవరకు పుట్టలేదు. రెండు వేల రెండు వందల ఏండ్ల కింద సిరక్యూజ్ పట్నంలో ఆర్కిమెడిస్ అనే పెద్దమనిషి సరుకుతోని, మనుషులతోని నిండిన ఓడను గిరకల కట్టుతోని ఒక్కడే కూసొని గుంజిండని ప్లూటార్క్ అనే ఆయన రాసిపెట్టిండు. గుంజే ఉంటడు. కానీ ఓడ ఒక గజం జరగడానికి ఆయన ఎన్ని గజాల తాడు గుంజి ఉంటడో ఊహించుకోండి.

బెల్టు పుల్లీలకు కూడా గిదే సూత్రం. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతది, దాని మీద 4 ఇంచుల పుల్లీ, గడ్డి కోసే మిషన్ మీద 12 ఇంచుల పుల్లీ ఉంటే మిషన్ 480 చుట్లే తిరుగుతది. తిరుగుడు మూడో వంతు అయింది, తిప్పే బలం మూడింతలు అయింది. మిషన్ ఇంకా జోరుగా తిరగాలని చిన్న పుల్లీ వేసి మోటారు కాలబెట్టుకునేది ఇందుకే. అది వేరే పోస్టు అయితది, ఇప్పుడు వద్దు.

చైన్ పుల్లీ లోపల తాళ్ళకు బదులు పండ్ల చక్రాలు ఉంటయ్. చేతి గొలుసు గుంజితే లోపల చక్రాలు తిరిగి బరువు గొలుసు మెల్లగ పైకి పోతది. టన్ను చైన్ పుల్లీ మీద నిండు బరువుకు కూడా ఒక్క మనిషి ముప్పై కిలోల చిల్లర బలం పెడితే చాలు. స్టాండు మీద 600కు ఇంకో ముప్పై కలిస్తే 630. ఒక్క గిరకతోని పడ్డదాంట్లో సగం. ఉన్న స్టాండే అటువంటప్పుడు రెండింతలు గట్టిగ అయినట్టు.

ఇంకో గొప్ప సుగుణం, గొలుసు చెయ్యి వదిలినా బరువు కిందికి జారదు. లోపల బ్రేకు ఉంటది. తాడు మీద అయితే అందరూ పట్టుకునే ఉండాలె, ఒకడికి తుమ్ము వచ్చినా, తేనెటీగ కుట్టినా మిగిలినోళ్ళ చేతులు చీరుకపోతయ్. గొలుసు మీద నీళ్ళు తాగి, బీడీ కాల్చుకొని మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కేసింగులో మోటారు ఇరుక్కుంటే గొలుసు బిగుసుకుంటది, చేతికి వెంటనే తెలుస్తది. ట్రాక్టరుకు లేని స్పర్శ అక్కడ ఉన్నది.

"చైన్ పుల్లీ నిదానం అన్నా, పొద్దంతా దానికే సరిపోతది" అంటరు. నిదానమే, ఒప్పుకుంటున్న. లెక్క కూడా చెప్తా. ఒక అడుగు లేవడానికి 30 అడుగుల చేతి గొలుసు గుంజాలె అనుకుందాం. 20 అడుగుల పైపుకు 600 అడుగులు. ఒక్కో గుంజుకు మూడడుగులు వస్తే 200 గుంజులు. ఇద్దరు మార్చి మార్చి గుంజితే ఒక్కో పైపుకు ఐదారు నిమిషాలు. జాయింటు విప్పే టైము ఎట్లయినా ఉంటది, అది ట్రాక్టరుకైనా గొలుసుకైనా ఒక్కటే. 15 పైపులకు మూడు నాలుగు గంటలు. ట్రాక్టరు రెండు గంటల్లో చేస్తదనుకోండి. పోయేది రెండు గంటలు. ట్రాక్టరు కిరాయి, డీజిలు, నలుగురు కూలీలు మిగులుతయ్. పైపులు తగ్గిన కొద్దీ బరువు కూడా తగ్గుతది కాబట్టి చివరి నాలుగు పైపులను ఆత్రం ఉన్నోళ్ళు మామూలు గిరక మీదనే గుంజుకోవచ్చు, అప్పటికి పైపులో నీళ్ళు కాక 170 కిలోలే ఉంటది.

ఇంకొందరు "మోటార్లు తీసే బండి ఉన్నది కదా, ఫోన్ చేస్తే వస్తది" అంటరు. 700, 800 అడుగుల బోర్లకు బండే కావాలె, అక్కడ చేతి స్టాండు పెట్టుడే తప్పు. ఆ బరువుకు టన్ను చైన్ పుల్లీ కూడా సరిపోదు. కానీ మన 250, 300 అడుగుల బోర్లకు ఏప్రిల్, మే నెలల్ల బండి కోసం ఎన్ని రోజులు ఆగుతున్నమో మీకు నేను చెప్పాల్నా? మొన్న మా పక్క చేనాయనకు నాలుగో నాడు వచ్చింది. వంకాయ తోట వడలిపోయింది. బండి వాళ్ళ తప్పు కూడా ఏం లేదు, ఒక్క బండికి చుట్టూ ఇరవై ఊర్లు.

కొనేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోండి. మామూలుగా దుకాణంలో దొరికే చైన్ పుల్లీ 3 మీటర్ల ఎత్తు లేపేది. మన జీఐ పైపు 20 అడుగులు, అంటే 6 మీటర్లు. గొలుసు పొడవు 6 మీటర్ల పైన లేపేటట్టు అడిగి తెచ్చుకోవాలె, లేకపోతే పైపు సగం బోరులో సగం బయట ఉండి మధ్యల మళ్ళీ పట్టు మార్చాల్సి వస్తది. 600 కిలోల పని కదా అని టన్నుదే తెస్తే నడుస్తది, కానీ ఇరుక్కున్న మోటారు సంగతి గుర్తుంచుకొని రెండు టన్నులది తెచ్చుకుంటే నిమ్మళం. అది ఇంకా నిదానంగా నడుస్తది, అది కూడా చెప్తున్న. దాని ఒంటి మీద ఎంత బరువు అని అచ్చు కొట్టి ఉంటది. అచ్చు లేనిది ఎంత చౌకగా ఇచ్చినా వద్దు.

స్టాండు కాళ్ళను కింద ఒకదానికొకటి గొలుసుతోని కట్టండి. బరువు పడ్డప్పుడు కాళ్ళు బయటికి జారాలని చూస్తయ్. ఎంత వెడల్పు పెడితే అంత జోరుగా జారుతయ్. నల్లరేగడి చేన్లల్ల అయితే ఒక్కో కాలు కింద మందమైన చెక్క పెట్టాలె. ఒక కాలు జానెడు దిగబడితే 24 అడుగుల స్టాండు తల ఎంత పక్కకు పోతదో మీరే చూస్తరు.

24 అడుగులు అన్న కదా. ఆ ఎత్తుకు కరెంటు తీగలు అందుతయ్. బోరు పక్కనుంచే లైను పోయే చేన్లు మన దగ్గర శానా ఉన్నయ్. పైపు విప్పినంక దాన్ని పక్కకు వంచేటప్పుడు 20 అడుగుల ఇనుము తీగల దిక్కే ఒరుగుతది. దగ్గరలో లైను ఉంటే లైన్‌మన్‌కు చెప్పి, ఎల్‌సీ తీసుకొని, సప్లయి బంద్ అయిందని ఆయన నోటితోని విన్నంకనే స్టాండు లేపాలె. స్టార్టరు కాడ ఫ్యూజులు పీకి "కరెంటు లేదు" అనుకునేటోళ్ళు ఉన్నరు. ఫ్యూజు పీకితే మీ మోటారుకు లేదు, పైన తీగలకు ఉన్నది.

మా దగ్గర వరుసగా ఉన్న తొమ్మిది బోర్ల రైతులం ఈ మాట మీద ఉగాది నుంచి మాట్లాడుకుంటున్నం. ఆరుగురు సరే అన్నరు. ఇద్దరు "చూద్దాం" అన్నరు. ఒకాయన మాత్రం "అందరిది అంటే ఎవ్వరిదీ కాదు, తుప్పు పట్టించి పెడతరు" అన్నడు. ఆ మాటలో నిజం ఉన్నది, ఇంతకుముందు అందరం కలిసి కొన్న మందు కొట్టే పంపు ఏమైందో ఊరందరికీ తెలుసు. అందుకని నేను పెట్టిన షరతులు ఇవి, మీరు కూడా చూసి చెప్పండి. ఒక్కరి ఇంట్లనే ఉండాలె, ఆయన పేరు మీదనే. తీసుకపోయినోడు తేదీ, సంతకం నోటుబుక్కులో రాయాలె. మోటారు గుంజుడుకు తప్ప చెట్టు మొద్దులు పీకుడుకు, దిగబడ్డ ట్రాక్టరు గుంజుడుకు ఇవ్వొద్దు. గొలుసును ఒక్క మనిషే గుంజాలె. ఒక్కనితోని కాకుంటే బరువు ఎక్కువైందనో, ఎక్కడో ఇరుక్కున్నదనో లెక్క, ఇంకొకడు చెయ్యి వేయొద్దు, ఆపి చూడాలె. తిరిగి తెచ్చినంక కొక్కెం నోరు తెరుచుకున్నదా అని చూడాలె, తెరుచుకుంటే మళ్ళీ సుత్తెతోని కొట్టి మూయొద్దు, మార్చాలె. గొలుసుకు కొంచెం నూనె పెట్టొచ్చు గాని లోపల బ్రేకు మీద చుక్క పడొద్దు, పడితే బరువు ఆగదు.

ఇంకా తేలనిది ఒకటే, కింద నిలబడి క్లాంపు బిగించే పిలగానికి ఆ రోజు కూలి ఎంత ఇవ్వాలె అన్నది. మామూలు కూలికి రెండింతలు అని నేనంటున్న, తొమ్మిది మందిల నాతోని ఉన్నది ముగ్గురే. మీ ఊళ్ళె ఎంత ఇస్తున్నరో రాయండి.